నేర్పేవాళ్ళకి ఓపిక

నాకు ఇంగ్లీషు బాగా వచ్చు. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తోంది గాని, డెబ్బైల చివర్లో ఫార్మింగ్టన్ హిల్స్‌లో కాపురం పెట్టినప్పుడు నాకున్న ఆస్తి అదొక్కటే. అంతకుముందు కోస్తాలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఆరేళ్ళు ఇంగ్లీషు లెక్చరర్‌గా పనిచేశాను. నేను క్లాసులో అడుగుపెడితే చీమ చిటుక్కుమంటే వినపడేది. మిషిగన్‌లో ఆ గౌరవం మొదటి వారంలోనే పోయింది. షాపులో వెనిగర్ ఎక్కడుందని అడిగితే, కౌంటర్ దగ్గరున్న పిల్ల నాచేత మూడుసార్లు చెప్పించుకుని, చివరికి మా ఆయన వైపు తిరిగింది. ఆయనకి కర్త, కర్మ తేడా తెలియదు. అయినా ఆయన మాట వాళ్ళకి ఇట్టే అర్థమయ్యేది. ఆ ఉక్రోషం నాకు చాలాకాలం పోలేదు.

అందుకే మా తెలుగు చర్చిలో ఆడవాళ్ళకి ఇంగ్లీషు చెప్పమని అడిగినప్పుడు కొంచెం కూడా బెట్టు చెయ్యలేదు. చర్చి అంటే మాకు సొంత గుడి ఏమీ లేదు. ఒక అమెరికన్ చర్చి వాళ్ళు తమ ఆరాధన అయిపోయాక, ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళ బేస్‌మెంట్ మాకిచ్చేవారు. మడత కుర్చీలు మేమే వేసుకునేవాళ్ళం, మేమే తీసేవాళ్ళం. పాతిక ముప్ఫై మందిమి ఉండేవాళ్ళం. మా అయ్యగారు, అంటే పాస్టరుగారు కూడా వారంలో ఐదు రోజులు కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరే.

"సిస్టర్, మీరు ఎమ్మే కదా. సాటర్‌డేస్ మన లేడీస్‌కి కొంచెం టైమ్ ఇవ్వండి" అన్నారాయన.

మా వంటింటి బల్ల దగ్గర నలుగురు మొదలుపెట్టారు. వాళ్ళలో ఇద్దరికి కావలసింది డ్రైవింగ్ లైసెన్సు పరీక్ష గట్టెక్కడం. అది అయిపోగానే మానేశారు. ఇంకొకావిడకి నెలలు నిండాయి. మంచు పడే వేళకి ఒక్కతే మిగిలింది.

ఆమెకి ముప్ఫై ఏళ్ళుంటాయి. మన దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో ఎనిమిదేళ్ళు నర్సుగా చేసి, పెళ్ళయ్యాక భర్త వెంట వచ్చింది. మాట తక్కువ. నన్ను అక్కా అని పిలిచేది. ఆమె భర్త కార్ల కంపెనీలో డ్రాయింగులు గీసేవాడు. ఆ ఏడు డెట్రాయిట్‌లో ఎవరిని కదిపినా లేఆఫుల మాటే. ఆకులు రాలే రోజుల్లో అతని ఉద్యోగమూ పోయింది. "నీకేం బ్రదర్, మీ మిసెస్ నర్సు. ఎక్కడైనా జాబ్ గ్యారంటీ" అని చర్చిలో మగవాళ్ళు అతని భుజం తట్టేవారు. అతను నవ్వి ఊరుకునేవాడు.

ఆమె పరిస్థితి వేరు. మన నర్సు చదువు ఇక్కడ చెల్లాలంటే స్టేట్ బోర్డు పరీక్ష పాసవ్వాలి. అది ఏడాదికి రెండుసార్లే పెట్టేవారు. ఆమె ఒక లావుపాటి ప్రశ్నల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. "జబ్బులు, మందులు అన్నీ తెలుసక్కా. ప్రశ్న ఏం అడుగుతుందో అర్థమయ్యేసరికి టైమ్ అయిపోతోంది" అంది. పుస్తకం తెరిచి చూస్తే ఆమె బాధ ఏమిటో తెలిసింది. 'షుడ్ హావ్ బీన్ గివెన్', 'హాడ్ బీన్ టర్న్‌డ్', 'ఈజ్ టు బి కెప్ట్'. ప్రతి ప్రశ్నలోనూ పని ఉంటుంది, చేసిన మనిషి ఉండదు.

తెలుగులో మనం అలా మాట్లాడం. మందు ఇచ్చాను అంటాం గాని నాచేత మందు ఇవ్వబడినది అంటే ఎదుటివాడు మనకే మందు ఇస్తాడు. ఎలా చెప్పాలా అని రెండు వారాలు తంటాలుపడ్డాను. మూడో శనివారం తట్టింది.

"ఆదివారం బైబిల్ వాక్యం చదివేటప్పుడు వింటావు కదా. చెప్పబడెను, పంపబడెను, అప్పగింపబడెను. ఆ 'బడెను' ఉంది చూడు, ఇంగ్లీషులో 'వాజ్' పెట్టి పక్కన క్రియ మూడో రూపం పెడితే అదే."

ఆమె మొహం విప్పారింది. "అయితే పేపరంతా గ్రాంథికంలో ఇచ్చారన్నమాట" అంది. ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ రోజు నా మీద నాకే ముచ్చటేసింది. ఈ పద్ధతి ఏ వ్యాకరణం పుస్తకంలోనూ లేదు, నేనే కనిపెట్టానని మా ఆయనకి రెండుసార్లు చెప్పాను.

తర్వాత 'లై', 'లే' ఆమెని ఏడిపించాయి. తనంతట తాను పడుకుంటే లై, లే, లెయిన్. ఇంకొకరు పడుకోబెడితే లే, లెయిడ్, లెయిడ్. మొదటిదాని రెండో రూపమే రెండోదాని మొదటి రూపం. తెల్లవాళ్ళే సగంమంది తప్పు మాట్లాడతారు. సోఫాలో దిండు తెచ్చి ఇదే పేషెంటు అనుకోమన్నాను. ఆమె ఆ దిండుకి తల ఎటుందో చూసుకుని, ఒక చెయ్యి మెడ కిందికి పోనిచ్చి, రెండో చేత్తో నడుము పట్టి, బల్ల మీద మెల్లగా ఆనించింది. "ఐ లెయిడ్ హర్ డౌన్" అంది. తప్పు లేదు. దిండుని పట్టుకున్న ఆ తీరు చూసి, ఈమెకి పరీక్ష ఏమిటసలు అనిపించింది.

ఒకసారి 'ది పేషెంట్ వాజ్ టర్న్‌డ్' అని రాయించాను. ఆమె పెన్ను ఆపేసింది.

"ఎవరు తిప్పారో రాయకపోతే ఎలాగక్కా? రేపు వీపు మీద పుండు పడితే ఎవర్ని అడుగుతారు? మా హాస్పిటల్లో సంతకం లేని కేస్ షీటుని మేట్రనమ్మగారు మొహాన కొట్టేవారు."

"గ్రామరుకి అదంతా అక్కర్లేదు. రాయి" అన్నాను.

నాకు ఓపిక తక్కువ. అప్పుడు ఇంకా తక్కువ. తప్పు రాస్తే నేను ఏమీ అనేదాన్ని కాదు, పెన్ను మూత తీసి పెట్టడం, తీసి పెట్టడం చేసేదాన్ని. ఆ టక్కుటక్కుకే ఆమె బిగుసుకుపోయి "సారీ అక్కా" అనేది. మళ్ళీ అదే తప్పు రాసేది. కాలేజీలో పిల్లలైతే భయంతో చదువుతారని నా నమ్మకం. ముప్ఫై ఏళ్ళ మనిషికి, చావుబతుకులు చూసిన మనిషికి, నేను పెన్ను మూతతో భయం పెట్టాను.

క్రిస్మస్ దాటాక ఒక శనివారం, గడిచిన వారంలో జరిగినవి పది వాక్యాలు రాసుకురమ్మన్నాను. అన్నీ కర్మణి ప్రయోగంలోనే ఉండాలన్నాను. నోటుబుక్కు తెరిచి ఎర్ర పెన్ను తీశాను. ది షీట్స్ వర్ వాష్డ్. ది షీట్స్ వర్ డ్రైడ్. ది టవల్స్ వర్ ఫోల్డెడ్ బై మి. ఇలా తొమ్మిది వాక్యాలూ దుప్పట్లు, తువ్వాళ్ళే. పదో వాక్యం, ఐ వాజ్ ఫెయిల్డ్ టూ టైమ్స్. 'టూ టైమ్స్' కొట్టేసి 'ట్వైస్' అని దిద్దాను. దిద్దాక గాని అందులో ఏముందో చదవలేదు.

"ఇదేమిటి?" అన్నాను.

ఆమె బల్ల అంచు చూస్తూ చెప్పింది. రెండుసార్లు పరీక్ష పోయింది. ముసలివాళ్ళని ఉంచి చూసుకునే నర్సింగ్ హోమ్‌లో చేస్తోందని చర్చిలో అనుకునే మాట నిజమే గాని నర్సుగా కాదు, నేననుకున్నట్టు సహాయకురాలిగా కూడా కాదు, లాండ్రీలో. భర్త చర్చిలో ఎవరితోనూ అబద్ధం చెప్పలేదు. నర్సింగ్ హోమ్‌లో జాబ్ అన్నాడు, జనం మిగతాది అనుకున్నారు. కాదని చెప్పే రోజు దాటిపోయింది.

"ఈ ఫిబ్రవరిలో కూడా పోతే ఇంక ఇండియా వెళ్ళిపోవడమేనంటున్నారక్కా. అక్కడికెళ్ళి ఏం మొహం పెట్టుకుని చెప్పను? ఈ సంగతి మీలోనే ఉంచుకోండి. పాసైతే నేనే అందరికీ చెప్పుకుంటాను."

"నా నోట్లోంచి బయటికి రాదమ్మా" అన్నాను. చెయ్యి మీద చెయ్యి వేసి మరీ అన్నాను.

మా ఆరాధనలో పాటల తర్వాత ప్రార్థన మనవులు ఉండేవి. ఎవరికి ఏ అవసరమున్నా లేచి చెప్పుకోవచ్చు, అందరూ కలిసి దానికోసం ప్రార్థిస్తారు. మన కష్టమే కాదు, ఇంకొకరి కష్టం కూడా చెప్పొచ్చు. అలా చెప్పేటప్పుడు పేరు ఎత్తకుండా, మన మధ్య ఉన్న ఒక సహోదరి, ఒక సహోదరుడు అనడం మర్యాద. పేరు లేదు కాబట్టి అది చాడీ కాదని మా అందరి ధైర్యం. ఆ ఒక సహోదరి ఎవరో ఆమెన్ అనేలోగా ఆడవాళ్ళందరికీ తెలిసిపోయేది. ఎవరింట్లో ఏం జరుగుతోందో మాకు తెలిసిన దారి అదే. నేనూ అలా చాలా తెలుసుకున్నాను, కళ్ళు మూసుకునే.

పరీక్ష మూడు వారాలుందనగా ఒక ఆదివారం. నా ముందు ఒకావిడ లేచి వాళ్ళబ్బాయి మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూ గురించి చెప్పింది. ఇంకొకావిడ తన సొంత టైలరింగ్ షాపు గురించి చెప్పింది. అందరికీ ఏదో ఒకటి ఉంది. అయ్యగారు నా వైపు చూసి "సిస్టర్, మీ ఇంగ్లీష్ క్లాస్ గురించి కూడా ప్రేయర్‌లో పెడదామా?" అన్నారు. నలుగురిలో ఒక్కరే మిగిలారని చెప్పడానికి నామోషీ అనిపించింది. ఆ ఒక్కరికీ నేను ఎంత చేస్తున్నానో చెప్పాలనిపించింది. లేచి నిలబడ్డాను.

"మన మధ్య ఉన్న ఒక సహోదరి నర్సు పరీక్ష మూడోసారి రాయబోతోంది. ఎంతో చదువుకున్న బిడ్డ, బట్టలుతికే చోట పనిచేస్తూ కష్టపడుతోంది. దేవుడు ఆమెకి ఇంగ్లీషు అనుగ్రహించాలని ప్రార్థించండి" అన్నాను. అక్కడ ఆగినా కొంత పరువు దక్కేది. ఆగలేదు. "అలాగే నేర్పేవాళ్ళకి ఓపిక ఇవ్వాలని కూడా" అన్నాను.

నా చుట్టూ చిన్న నవ్వు లేచింది. ప్రేమగానే నవ్వారు. మాలో నర్సులు ఇద్దరే. ఒకావిడ పదేళ్ళ కిందటే పాసైంది. రెండో ఆమె నాకు రెండు వరసల ముందు కూర్చుని ఉంది. ఆమె తల వంచుకునే ఉంది, కదల్లేదు. పక్కన భర్త కూడా తల దించేశాడు. అతని చెవులు ఎర్రబడటం నాకు వెనకనుంచి కనిపించింది. అయ్యగారు పెద్ద గొంతుతో ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం, ఎందుకంటే అందరూ మంచిగా ప్రవర్తించారు. ఒక్కొక్కరే ఆమె దగ్గరికి వెళ్ళి "ఏ పనైనా పనేనమ్మా" అన్నారు. "మా చెల్లెలు నాలుగుసార్లు రాసింది" అన్నారు. భుజం నిమిరారు. ఆమె "థాంక్సండీ, థాంక్సండీ" అంటూ కోటు గుండీలు పెట్టుకుంది. ఒక గుండీ తప్పించి పెట్టుకోవడం చూశాను. నా వైపు చూడలేదు.

శనివారం రాలేదు. టీ చల్లారిపోయింది. ఫోన్ చేస్తే భర్త ఎత్తాడు.

"ఆవిడ డ్యూటీకి వెళ్ళిందండీ. ఇంక క్లాసులు వద్దులెండి, మీకు శ్రమ" అన్నాడు. అతని గొంతులో కోపమేమీ లేదు. 'నేర్పేవాళ్ళకి ఓపిక' అన్నది అతను కూడా విన్నాడు కదా.

నాకు సిగ్గుకన్నా ముందు కోపం వచ్చింది. ఇది దాచుకుంటే రాసినదంతా దండగ. ప్రార్థనే కదా చేయించాను, తిట్టానా కొట్టానా, పేరైనా చెప్పానా అని మా ఆయన ముందు గంట సేపు వాదించాను. ఆయన పేపరు మడిచి, "నువ్వు చేసింది మనవి కాదు, చాటింపు" అని లేచి వెళ్ళిపోయాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు కూర తరుగుతుంటే, నా చెయ్యి ఆమె చెయ్యి మీద వేసి చెప్పిన మాట గుర్తొచ్చింది. ఉన్నచోటే కుర్చీ లాక్కుని కూర్చుండిపోయాను.

పరీక్షకి వారం ముందు, తరచుగా తప్పు వచ్చే క్రియారూపాలన్నీ టైపు చేసి, ఆ కాగితాలు తీసుకుని ఆమె పనిచేసే నర్సింగ్ హోమ్‌కి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. క్షమించమని అడుగుదామనే వెళ్ళాను. మధ్యాహ్నం వేళ. డెస్క్ దగ్గర ఎవరూ లేరు. వసారాలాంటి పొడుగాటి నడవలో నడుస్తుంటే ఒక గది తలుపు తెరిచి ఉంది. ఒక ముసలి తెల్లావిడ చక్రాల కుర్చీలో ఉంది. ఒళ్ళో ఆ లావుపాటి ప్రశ్నల పుస్తకం ఉంది. పక్కనే ఆమె, లాండ్రీ యూనిఫాంలో, మోకాళ్ళ మీద శాండ్‌విచ్ పెట్టుకుని, ఒక ప్రశ్న పైకి చదువుతోంది. తప్పు చదివింది. నేను బయటినుంచే పట్టేశాను. ముసలావిడ ఏమీ అనలేదు. కాసేపు ఆగింది. ఆమె మళ్ళీ మొదటినుంచి చదివి, తనే సరిచేసుకుంది. ముసలావిడ తలూపి పేజీ తిప్పింది.

నేను లోపలికి వెళ్ళలేదు. నా కాగితాలు నాతోనే కారులోకి తెచ్చుకున్నాను. వాటి అవసరం లేదని అర్థమైంది. అది ఓర్చుకోలేక తిరిగొచ్చేశాను. క్షమాపణ ఆ కాగితాలతో సంబంధం లేని సంగతి. అదైనా చెప్పి రావచ్చు. చెప్పలేదు.

ఫలితాలు వచ్చేసరికి మంచు కరిగి, చర్చి లాన్ పచ్చబడింది. వాళ్ళిద్దరూ నెలల తర్వాత ఆదివారం వచ్చారు. భర్త చేతుల్లో రెండు పెద్ద గిన్నెలు. మాలో ఎవరికైనా మేలు జరిగితే ఆ వారం భోజనం వాళ్ళే తెస్తారు, ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్తారు. గిన్నెలు చూడగానే అందరికీ విషయం తెలిసిపోయింది. నా చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నన్నే అభినందించడం మొదలుపెట్టారు. "సిస్టర్, మీ కష్టం ఊరికే పోలేదు" అంటే, "నాదేముందండీ" అన్నాను. నాదేమీ లేదని చెప్పడానికి ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఎన్ని మార్గాలున్నాయో నాకు తెలుసు. వాటిలో అబద్ధంగా వినిపించేదాన్ని ఏరుకున్నాను.

ఆమె ముందుకి వెళ్ళి మాట్లాడింది. ఇంత గట్టి గొంతు ఆమెకి ఉందని నాకు తెలియదు.

"నేను రెండుసార్లు ఫెయిలయ్యాను. ఏడాదిన్నర నర్సింగ్ హోమ్ లాండ్రీలో చేశాను. దుప్పట్లు ఉతికాను. మీరందరూ నర్సు అనుకుంటుంటే కాదని చెప్పడానికి సిగ్గుపడ్డాను. అందులో మా ఆయన తప్పేమీ లేదు, నేనే చెప్పొద్దన్నాను. మూడోసారి దేవుడు పాస్ చేయించాడు. నాకు ఇంగ్లీష్ నేర్పినావిడకి అందరి ముందూ థాంక్స్ చెప్పుకోవాలి."

తలలన్నీ నా వైపు తిరిగాయి. ఎవరో చప్పట్లు కూడా మొదలుపెట్టారు. ఆ చక్రాల కుర్చీ నేను చూశాను. ఆ పుస్తకం ఎవరి ఒళ్ళో ఉందో చూశాను. అంతా తెలిసి కూడా ముందు కుర్చీ పట్టుకుని లేచాను. నవ్వు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను.

"ఆవిడ ఇక్కడ లేరు" అంది ఆమె. "మా నర్సింగ్ హోమ్‌లో పేషెంట్. స్కూల్ టీచర్‌గా చేసి రిటైరయ్యారు. రోజూ నా లంచ్ బ్రేక్‌లో నాచేత చదివించారు. ఈ మధ్య ఆవిడకి ఒంట్లో బాగుండట్లేదు. మీ ప్రేయర్‌లో పెట్టండి. ఆవిడ పేరు చెప్తాను. చెప్పొచ్చా అని ఆవిడ్ని అడిగే వచ్చాను."

పేరు చెప్పింది. నేను సగం లేచి ఉన్నాను. మోకాళ్ళు వంగి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, మొహం మీద ఆ నవ్వుతో. చప్పట్లు మొదలుపెట్టినావిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కింద పడ్డదేదో వెతుకుతున్నట్టు వంగి, కుర్చీ కింద చూసి, కూర్చున్నాను. కింద ఏమీ లేదు. నా బతుకులో అంతకన్నా సిగ్గుపడ్డ క్షణం ఇంకొకటి లేదు. చూసినవాళ్ళెవరూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా.

భోజనాల దగ్గర ఆమే వడ్డిస్తోంది. నా వంతు వచ్చింది. "ఆ రోజు నేను ప్రార్థనలో..." అని మొదలుపెట్టాను. తర్వాత ఏ మాట రావాలో తెలుసు. చిన్న మాట. రాలేదు.

ఆమె నా ప్లేటులో అన్నం పెట్టి, పైన కూర వేసింది. అందరికీ పెట్టినంతే పెట్టింది.

"పర్వాలేదు మేడమ్. ఇప్పుడు నేనే చెప్పేశాను కదా. ఇంక నా గురించి ఎవరూ చెప్పడానికేం మిగల్లేదు" అంది మామూలుగా, గరిటె మళ్ళీ గిన్నెలో ముంచుతూ.

నేను ఇంకా నిలబడే ఉన్నాను. "సిస్టర్, లైన్ ఆగిపోయిందండీ" అన్నారు వెనకనుంచి ఎవరో. ప్లేటు పట్టుకుని ముందుకి జరిగాను.